దానకర్ణుడా, కుపర్టినో వాసా!

యాపిల్ మహాప్రభూ, నీ ఫోన్లనూ కంప్యూటర్లనూ పొగిడేవాళ్లు కోట్లలో ఉన్నారు. నేను నీ బ్యాలెన్స్ షీటులోని ఒకే ఒక్క పద్దుకు దండం పెడతాను. పుట్టిన నాటి నుంచి నువ్వు గడించిన లాభాల్లో, వాటాదారుల చేతికి పోగా నీ దగ్గర ఎంత మిగిలిందో చెప్పే పద్దు అది. లెక్కలవాళ్లు రిటైన్డ్ ఎర్నింగ్స్ అంటారు. నీ మహిమ పూర్తిగా తెలిసేది అక్కడే.

1997లో నువ్వు కొన ఊపిరితో ఉన్నావు. ఆ ఏడాది నష్టం వంద కోట్ల డాలర్ల పైమాటే. మైక్రోసాఫ్ట్ 15 కోట్ల డాలర్లు పెడితే కాస్త తేరుకున్నావు. మీరైతే ఏం చేస్తారని అడిగినవాళ్లకు, మూసేసి వాటాదారుల డబ్బు వాళ్లకిచ్చేస్తానన్నాడు డెల్ కంప్యూటర్ల కంపెనీ అధిపతి మైకేల్ డెల్. నువ్వు మూయలేదు. తిరిగొచ్చిన నీ వ్యవస్థాపకుడు స్టీవ్ జాబ్స్ బతికున్నన్నాళ్లూ ఒక్క సెంటు డివిడెండ్ పంచలేదు. నీ చావును అంత దగ్గరగా చూసినవాడు కూడబెట్టుకోక ఏం చేస్తాడు? ఆయన పోయిన మరుసటి ఏడాది, 2012 సెప్టెంబరు నాటికి, ఆ పద్దులో 10,000 కోట్ల డాలర్లకు పైగా ఉంది.

అప్పుడు మొదలైంది నీ దానయజ్ఞం. డివిడెండ్లు మళ్లీ ఇవ్వసాగావు, సొంత షేర్లను మార్కెట్లో కొని రద్దు చేయడం మొదలుపెట్టావు. 2013లో అందుకోసం 1,700 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మావు. ఖజానా నిండుగా ఉండగా అప్పు చేసి మరీ పంచిన ఔదార్యం కర్ణుడికైనా లేదు! అప్పట్లో నీ సొమ్ములో ఎక్కువ భాగం విదేశాల్లో ఉండేది. దాన్ని అమెరికాకు తెస్తే పన్ను కట్టాల్సి వచ్చేది. వడ్డీ కట్టడానికైనా సిద్ధపడ్డావు గానీ పన్నుకు తలొగ్గలేదు. ఐర్లాండ్‌లో నీ పొదుపు ఇంకా గొప్పది. 2014లో నీ యూరప్ లాభాలపై కట్టిన పన్ను 0.005 శాతమని యూరోపియన్ కమిషన్ లెక్క తేల్చింది. 1,300 కోట్ల యూరోల బకాయి కట్టమని 2016లో ఆదేశిస్తే, 2024 సెప్టెంబరులో ఆఖరి తీర్పు వచ్చేదాకా పోరాడావు. వాటాదారులకు అప్పు చేసి మరీ ఇచ్చిన చెయ్యి, ప్రజల ఖజానాకు కోర్టు చెబితే గానీ కదల్లేదు.

2018 నుంచి నీ వేగం చూడాలి. 2017లో ఆ పద్దులో 9,800 కోట్ల డాలర్లున్న నిల్వ 2019కి 4,600 కోట్లయింది, 2021కి 550 కోట్లయింది. 2022లో సున్నా దాటి కిందికి పోయి, 300 కోట్లకు పైగా లోటు తేలింది. ఏ ఏడాది? 9,980 కోట్ల డాలర్ల లాభంతో నీ చరిత్రలోనే రికార్డు సృష్టించిన ఏడాది! నష్టాలొచ్చి లోటులో పడ్డవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. ఇంత లాభం గడించి లోటు చూపగలగడం నీకే చెల్లింది. ఇది దివాలా కాదు, దొంగ లెక్కా కాదు. కొని రద్దు చేసిన షేర్ల ఖర్చును ఈ పద్దులోంచి తీసేస్తారు, అంతే. చట్టం ఒప్పుకుంటుంది.

దాని ఫలం కూడా చూశాం. 2023లో నీ లాభం తగ్గింది. అయినా ఒక్కో షేరుకు వచ్చే లాభం 6.11 డాలర్ల నుంచి 6.13 డాలర్లకు పెరిగింది. పంచుకునే షేర్లు తగ్గాయి కదా! కొత్తగా ఏమీ కనిపెట్టకుండానే ఎదిగే విద్య ఇది. 2024లో పరిశోధనకు 3,100 కోట్ల డాలర్లు పెట్టావు, షేర్ల కొనుగోలుకు 9,500 కోట్లు. ఆ ఏడాది జూన్‌లో నీ వాయిస్ అసిస్టెంట్ సిరి కొత్త రూపాన్ని చూపించి ఊరించావు. 2025 మార్చిలో, ఇంకా సమయం పడుతుందన్నావు. ఓపిక పట్టమని భక్తులకు చెప్పగలవు గానీ, వాల్‌స్ట్రీట్‌కు చెప్పలేవు కదా.

నీ దానగుణంలో నాకు మింగుడుపడనిది ఒక్కటే. లోటు చూపిన ఆ నివేదిక 2022 అక్టోబరు చివర బయటికొచ్చింది. నవంబరులో చైనాలోని జెంగ్జౌలో ఉన్న ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో నీ ఐఫోన్లు బిగించే కార్మికులు, ఇస్తామన్న బోనస్ ఇవ్వడం లేదని తిరగబడ్డారు. పోలీసుల చేత దెబ్బలు తిన్నారు. వాళ్లు నీ ఉద్యోగులు కారు, ఫాక్స్‌కాన్ మనుషులు. వాటాదారులు అంతకన్నా కారు. అందుకే నీ దానం వాళ్లదాకా రాలేదు. పద్దు పద్దుగా చూస్తే నీ తప్పేమీ కనబడదు.

ఇప్పుడు హైదరాబాద్ శివారు కొంగరకలాన్‌లోనూ ఫాక్స్‌కాన్ వాళ్లే నీ ఎయిర్‌పాడ్స్ తయారు చేస్తున్నారు. స్తుతించినవాడికి ఒక వరం అడిగే హక్కుంటుంది. 2024లో నువ్వు ప్రకటించిన 11,000 కోట్ల డాలర్ల షేర్ల కొనుగోలు, అంటే బైబ్యాక్, అమెరికా చరిత్రలోనే అతి పెద్దదట. వచ్చే ఏడాది బైబ్యాక్‌ను కాస్త తగ్గించు. ఆ మిగిలింది జెంగ్జౌలో, కొంగరకలాన్‌లో నీ సరుకు బిగించే చేతులకు జీతం రూపంలో చేరేలా ఫాక్స్‌కాన్‌తో ఒప్పందం రాసుకో. ఎలాగూ బైబ్యాక్‌కు పోయే సొమ్మే కాబట్టి, దానివల్ల నీ పద్దులో లోటు పెరగదు.