నల్ల కారు, నాయిన తువ్వాల

నల్ల కారు నిజంగా నల్లగా ఉండేది కడిగిన తర్వాత పది నిమిషాలే. ఆ పది నిమిషాల అందం చూసే జనం దాన్ని కొంటారు. మహబూబ్‌నగర్‌లో అందులోనూ కోత పడుతుంది. మా గాలి ఒంటరిగా తిరగదు, చెల్క దుమ్మును వెంటేసుకునే వస్తుంది. బకెట్టు బోర్లించి వెనక్కి తిరిగేసరికి బానెట్ మీద సన్నటి ఎర్ర పొర. ఆర్‌సీలో నలుపని రాసి ఉంది కాబట్టి పోలీసులు నమ్ముతారు గానీ, ఎండాకాలంలో మా కారు రంగేమిటో చుట్టాలకు చెప్పి నమ్మించాల్సి వచ్చేది.

తెల్లదానికి నెలల తరబడి ఆగాలన్నారు, నల్లది రేపే తీసుకుపొమ్మన్నారు. అంతకు మించిన సౌందర్యదృష్టి ఏదీ ఈ కొనుగోలులో లేదు. మా బావమరిది మాత్రం తల పట్టుకున్నాడు. "పాలమూరు ఎండకు నల్ల కారేంది బావా? లోపల కూసుంటవా, ఉడుకుతవా?" అన్నాడు. ఆ మాటలో శాస్త్రం లేకపోలేదు. 2011లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల వాళ్లు ఒక నల్ల కారునూ ఒక వెండిరంగు కారునూ ఎండలో నిలబెట్టి కొలిస్తే, నల్లదాని పైకప్పు పాతిక డిగ్రీల దాకా ఎక్కువ కాలింది, లోపల ఐదారు డిగ్రీల తేడా వచ్చింది. మా మే నెలలో ఆ ప్రయోగం చేయడానికి ఎవరూ రాలేదు. రారు కూడా.

నేను ఊరుకోలేదు. "ఫోర్డు కంపెనీ 1914 నుంచి 1925 దాకా మోడల్ టి కార్లన్నీ నలుపులోనే అమ్మింది. జనం ఎగబడి కొన్నరు" అన్నాను.

"ఫోర్డు ముచ్చటెందుకు? మన ఊరికి పేరిచ్చినాయన ఏ రంగు కొన్నడో చూడు" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1911లో రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు ఆర్డరిచ్చాడు. కారు చేరకముందే ఆయన పోయాడు, కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని ఊరేగింపులకు వాడుకున్నాడు. అది పసుపుపచ్చది. హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్‌కు పోతే ఇప్పటికీ చూడొచ్చు. రాజుల కాలమంతా కలిపి నాలుగు వందల మైళ్లు కూడా తిరగలేదంటారు. అంత తక్కువ తిరిగే కారుకు తుడుపు కూడా తక్కువే పడుతుంది. ఆ అదృష్టం విలువ నాకు తర్వాత తెలిసొచ్చింది.

మెట్టుగడ్డ దగ్గర ఒక మిట్టమధ్యాహ్నం బండి ఆపి దిగితే, బానెట్ మీద సూర్యుడు, సూర్యుడి చుట్టూ వేలకొద్దీ సన్నటి వలయాలు. నేను ఎడమకు జరిగితే సూర్యుడూ జరిగాడు, వలయాలూ జరిగాయి. నీడలోకి తెచ్చి పెడితే ఏమీ లేదు. వీటిని స్విర్ల్ మార్కులంటారని, తెల్ల కార్ల మీదా ఇవే ఉంటాయని, కాకపోతే తెలుపు వాటిని బయటపెట్టదని తెలిసింది. తెల్లదానికి నెలలు పట్టేది ఇందుకేనేమో.

ఇవి తుడుపుతో పడే గీతలు కాబట్టి, అనుమానించడానికి ఇంట్లో ఎక్కువమంది లేరు. మా నాయిన రిటైరైన లెక్కల సారు, వయసు డెబ్బై ఐదు. పొద్దున చాయ్ తాగినంక, పేపరు పట్టుకునే ముందు, భుజం మీది తువ్వాల తీసి కారు తుడుస్తాడు. నీళ్లుండవు, సబ్బుండదు. పొడి దుమ్ము, పొడి తువ్వాల, లెక్కల సారు చెయ్యి. కార్తీకంలో కురుమూర్తి జాతరకు పోయొచ్చిన రోజైతే తెల్లారేదాకా కూడా ఆగలేదు. చిన్నచింతకుంట దారి పొడుగునా బండి ఒంటికి పట్టించుకొచ్చిన మట్టినంతా, వాకిట్లో లైటు వేసుకొని, గోవింద నామాలు చెప్పుకుంటూ దించేశాడు.

"నాయినా, గీ గీతలు తువ్వాలతోని పడ్డయి" అన్నాను.

"ఎట్లాంటి గీతలు?"

"గుండ్రంగ."

తువ్వాల భుజాన వేసుకొని బానెట్ ముందుకు వచ్చి నిలబడ్డాడు. జీవితమంతా బ్లాక్‌బోర్డు తుడిచిన మనిషి. "నేను తుడిసేది ఎట్ల? పైకెల్లి కిందికి. ఒక్క దినమన్న గుండ్రంగ తుడిసిన్నా? సరళరేఖలు గీసినోని మీద వృత్తాల కేసు ఎట్ల పెడతవ్‌రా?"

న్యాయమైన ప్రశ్నే. నిజానికి ఆ గీతల్లో ఒక్కటీ గుండ్రంగా ఉండదు. అన్నీ నానా దిక్కులా పడ్డ తిన్నటి గీతలే. వెలుగు ప్రతిబింబానికి అడ్డంగా పడ్డవి మాత్రమే మెరిసి మన కంట్లో పడతాయి, దాని వైపు తిరిగి ఉన్నవి కనబడకుండా ఊరుకుంటాయి. మెరిసినవన్నీ కలిసి వెలుగు చుట్టూ వలయం కట్టినట్టు తోస్తాయి. రాత్రి వాన వెలిశాక వేపచెట్టు వెనక వీధిలైటును చూస్తే, కొమ్మలన్నీ లైటును చుట్టుకొని పెరిగినట్టుంటుంది కదా, అదే లెక్క. ఇదంతా నాయినకు చెప్పాను. ఆయన పేపరు అంచు మీద ఒక చుక్క పెట్టి, చుట్టూ నాలుగు గీతలు గీసి చాలాసేపు చూశాడు. నేరం ఒప్పుకుంటాడనుకున్నాను.

"ఒక్క నిలువు గీతలే ఉంటే సూర్యుడికి కుడి, ఎడమల్నే మెరవాలె" అన్నాడు. "పైన, కింద మెరిసేటియి అడ్డం గీతలు. నిండు వలయం కనబడుతుందంటే అడ్డంగ తుడిసినోడు ఇంకొకడున్నడు. నిలువుయి నాయి. అడ్డంయి ఎవనియో ఎంక్వైరీ చెయ్యి."

అసలు దోషి తువ్వాల కూడా కాదు. మా చెల్క నేల గ్రానైటు, నీస్ రాళ్లు చివికి ఏర్పడ్డది. అందులో ఇసుక చాలావరకు క్వార్ట్జ్ రేణువులే. రాళ్ల గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద క్వార్ట్జ్ 7 దగ్గరుంటుంది, కిటికీ అద్దం ఐదున్నర దగ్గర. కారు మీది క్లియర్ కోట్ అద్దం కూడా కాదు, పాలీయురేథేన్ పొర, ఇంకా మెత్తన. పొడిగా తుడవడమంటే పాలమూరు గుట్టల్ని తెచ్చి బానెట్‌కేసి రుద్దడమే. మా ఎదురింటాయన కారును దసరాకు ఆయుధపూజ రోజు తప్ప ముట్టుకోడు. పిల్లులు దాని మీదే పడుకుంటాయి. ఎండలో ఎంత వెతికినా దాని మీద వలయాలు దొరకలేదు. శ్రద్ధగల ఇంటి కార్లకే ఈ జబ్బు.

ఊళ్లో ఒక దుకాణంలో రబ్బింగ్ పాలిష్ చేస్తామన్నారు. నాయిన కూడా వచ్చాడు. అక్కడిది రోటరీ మిషన్, ఒకే ఇరుసు మీద గిర్రున తిరిగేది. దానికి ఉన్ని ప్యాడు తగిలించారు. నాయిన దాన్ని వేళ్లతో పట్టి చూశాడు.

"గొర్రె బొచ్చు గదా ఇది?"

"అవును పెద్దసారూ, ఊల్ ప్యాడ్."

"నూలు తువ్వాలతోని తుడిస్తే గీతలు పడ్డయంటడు మావోడు. నువ్వేమో గొర్రె బొచ్చుతోని రుద్దుతా అంటున్నవ్. ఇంట్ల గొంగడి ఉంది, అది తెచ్చి నేనే రుద్దుతుంటి గదా."

దుకాణం వాళ్లు నవ్వారు. తొందరగానే పని ముగించారు. కారు తళతళలాడింది, నాయిన కూడా మీసం సరి చేసుకున్నాడు దాంట్లో చూసుకొని. కొన్ని కడుగుళ్లు కాగానే పాత గీతలన్నీ క్షేమంగా తిరిగొచ్చాయి. పాలిష్‌లోని నూనెలు గీతల్లో నిండి కూర్చున్నాయే తప్ప గీతలు ఎటూ పోలేదు. పైగా రోటరీ తన వంతుగా అలలు అలలుగా జాడలు వేసి పోయింది. వీటికి హోలోగ్రాములని ముద్దుపేరు. ఇప్పుడు మా కారు మీద రెండు తరాల గీతలు కాపురం చేస్తున్నాయి.

తర్వాత జడ్చర్ల నుంచి ఒక పిలగాడు ఇంటికే వచ్చాడు. పెట్టె తెరిచి ముందు మిషన్ తీయలేదు, పెయింట్ మందం కొలిచే మీటరు తీశాడు. కారు పెయింటు అన్ని పొరలూ కలిపి వంద నుంచి నూట యాభై మైక్రాన్ల మధ్య ఉంటుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. అందులో పైనున్న క్లియర్ కోట్ నలభై, యాభై మైక్రాన్లు, మనిషి వెంట్రుక కంటే పలచన. అంత పలచనిదాన్ని రుద్దేముందు ఎంతుందో చూసుకోవాలంటాడు. ఆ పద్ధతి నాయినకు తెగ నచ్చి, పెన్ను తీసి అంకెలు రాసుకోవడం మొదలుపెట్టాడు. బానెట్ నూట పది. ముందు డోరు నూట పన్నెండు. వెనక ఎడమ డోరు రెండు వందల అరవై.

పిలగాడు మీటరును ఇంకోసారి పెట్టి చూశాడు. "సార్, గీ డోరుకు మళ్ల పెయింట్ వేసిన్రు. ఏడనన్న తాకిందా?"

నాకు తెలిసి తాకలేదు. నాయిన పెన్ను మూత పెట్టి, అప్పుడే టిఫినుకు వచ్చి కూర్చున్న మా బావమరిది వైపు చూశాడు. పోయిన ఎండాకాలం శ్రీశైలం పోయొస్తానని కారు అడిగి పట్టుకుపోయింది ఆయనే. అచ్చంపేట, మన్ననూరు దాటినంక నల్లమల ఘాట్ రోడ్డులో మలుపులు ఎన్నో మనకు తెలుసు. మలుపు దగ్గర గోడ ఎక్కడుందో ఆయనకు తెలుసు.

"మంచిగ కడిగించి, తుడిసి తెచ్చిచ్చిన గదా బావా" అన్నాడు ఇడ్లీ మీంచి తలెత్తకుండా.

"అడ్డంగ తుడిసినవా?" అన్నాడు నాయిన.

ఆ విచారణను పక్కన పెట్టి పిలగాడు పనిలో పడ్డాడు. రెండు బకెట్లు, ఒకదాంట్లో సబ్బునీళ్లు, ఇంకోదాంట్లో గుడ్డ జాడించుకోవడానికి మంచినీళ్లు. కడిగిందాని మీద మళ్లీ ఒక మట్టి ముద్ద తీసి రాస్తుంటే నాయిన ఆగలేకపోయాడు. "మట్టి పోవాలని మట్టితోనే రుద్దుతున్నవా బిడ్డా?" కడిగినా వదలకుండా పెయింటుకు అతుక్కున్న ఇనుపరజను, తారు చుక్కలు ఆ ముద్దకు అంటుకొని వస్తాయని వాడు చెప్పాడు. ముద్ద తిప్పి చూపిస్తే మసి. నాయిన ఒప్పుకున్నాడు. అంచుల దగ్గర పెయింటు పలచగా ఉంటుందని పిలగాడు టేపు అంటించాడు. ఎండ పైకొస్తే కాంపౌండు రాసీరాయకముందే ఎండిపోతుందని పోర్టికో నీడలో, పొద్దు ఎక్కకముందే మొదలుపెట్టాడు.

వాడిది డ్యూయల్ యాక్షన్ మిషన్. ప్యాడు తన చుట్టూ తాను తిరుగుతూనే, ఇరుసుకు పక్కగా జరిగి ఇంకో చుట్టు తిరుగుతుంది. భూమికి ఉన్న రెండు చలనాలూ దానికీ ఉన్నాయన్నమాట. ఒక రేణువు ఒకే దారిలో మళ్లీ మళ్లీ పోదు కాబట్టి కొత్త జాడలు పడే బెడద తక్కువ. నాయిన వెంటనే వ్యాసార్ధం అడిగాడు. పిలగాడికి పదిహేను మిల్లీమీటర్లనే తెలుసు, అది వ్యాసమా వ్యాసార్ధమా తెలియదు. ఎయిత్ క్లాసులో ఏ సారు చెప్పిండని కాసేపు విచారణ జరిగింది.

"కాంపౌండుల ఏముంటది?"

"అల్యూమినియం ఆక్సైడ్ సార్."

నేను నోరు జారి, మోస్ స్కేలు మీద అది తొమ్మిదని చెప్పాను. నాయిన లేచి నిలబడ్డాడు. "ఏడు గీకిందని తొమ్మిదితోని గీకుతరా?"

కంటికి ఆననంత సన్నటి రేణువులని, గీత మిగల్చకుండా నున్నగా కోస్తాయని ఇద్దరం చెరో పక్క నుంచి చెప్పాం. గీతను పూడ్చడం ఉండదు. చుట్టూ ఉన్న పొరను గీత అడుగు మట్టం దాకా దించుతారు, గీతకు ఉండడానికి చోటు లేక పోతుంది. నాయిన కాసేపు ఆలోచించాడు. "అంటే గీతను తీస్తలేరు. గీత కాని దాన్ని తీస్తున్నరు."

"అంతే సార్."

"పైసలిచ్చి మరీ పెయింట్ తీయిస్తున్నం."

బానెట్ మూల మీద రెండడుగుల చదరంలో ముందు ప్రయోగం చేశాడు పిలగాడు. మెల్లగా నిలువు, మెల్లగా అడ్డం. నిలువు పోయినప్పుడల్లా నాయిన నన్ను చూశాడు, అడ్డం పోయినప్పుడల్లా బావమరిదిని చూశాడు. ప్యాడు ఎత్తి చూపిస్తే తెల్లగానే ఉంది. దీంతో ఆయనకు కొత్త అనుమానం. వెనకట అంబాసిడర్‌కు పాలిష్ పెడితే గుడ్డకు కారు రంగంతా దిగేది, పని జరిగిందనడానికి అదే సాక్ష్యం. ఇప్పటి కార్లలో రంగు మీద రంగులేని పొర ఉంటుంది, దిగేది ఆ పొరే. కనబడని పొరలోంచి కనబడని మందం పోతుంటే దానికి కూలి ఇవ్వడం లెక్కల సారుకు కష్టమే.

నూనెల మోసం చూసినవాళ్లం కాబట్టి పిలగాడు ఆల్కహాలు కలిపిన నీళ్లతో ఆ చదరాన్ని తుడిచి, టార్చి వేశాడు. బల్బు ఒక్కటే కనబడింది. చుట్టూ ఏమీ లేదు. పక్కన టేపుకు అవతల మాత్రం వలయాల జాతర. బావమరిది ఇడ్లీ ప్లేటుతో సహా లేచొచ్చి చూశాడు.

డిక్కీ దగ్గరికొచ్చేసరికి చిక్కు వచ్చింది. మా మేనకోడలు అక్షరాలు నేర్చుకునే రోజుల్లో దుమ్ము పట్టిన డిక్కీ మీద చూపుడు వేలితో అ ఆ ఇ ఈ రాసింది. దుమ్మును తుడిచేశాం గానీ, వేలి కింద నలిగిన క్వార్ట్జ్ ఆ అక్షరాలను క్లియర్ కోట్‌లోకి దించేసింది. ఎండలో నిలబెడితే చక్కగా చదువుకోవచ్చు. పిలగాడు రుద్దాడు. అ, ఆ పోయాయి. ఇ సగం పోయింది. ఈ దగ్గర మిషన్ ఆపేశాడు. "ఇంక లోతుకు పోతే పొర మొత్తం పోతది సార్. ఎండల అతినీలలోహిత కిరణాల్ని ఆపేదే ఆ పొర. ఉండనీయండి."

"ఉండనీ" అన్నాడు నాయిన. "దీర్ఘం గట్టిగ దిద్దింది పిల్ల."

సాయంత్రానికి కారు నల్లగా అయింది. ఈసారి పది నిమిషాలు దాటినా నల్లగానే ఉంది. పిలగాడు వెళ్తూ మైక్రోఫైబర్ గుడ్డలు రెండు చేతికిచ్చి, పొడిగా తుడవొద్దని, బోరు నీళ్లు పెయింటు మీద ఎండనిస్తే తెల్లమచ్చలు పడతాయని, రెండు బకెట్ల పద్ధతి మరవొద్దని నాకు చెప్పాడు. చూపు మాత్రం నాయిన తువ్వాల మీదుంది.

నాయిన పేపరు మీద లెక్క వేస్తున్నాడు. "క్లియర్ కోట్ ఎంతంటివి బిడ్డా?"

"నలభై ఐదు అనుకోండి సార్."

"ఎంత మిగిలితే మంచిది?"

"ముప్పైకి తగ్గొద్దు."

"ఒక్కసారి పాలిష్ పెడితే ఎంత పోతది?"

"మూడు మైక్రాన్లనుకోండి."

"అంటే పదిహేను బ్యాలెన్సు. ఐదు పాలిష్‌లు. మూడేండ్లకొకటి లెక్కేస్తే పదిహేనేండ్లు." పెన్ను మూత పెట్టి నా వైపు తిరిగాడు. "గప్పటికి నాకు తొంభై. అందాంక నేను తుడుస్త. తొంభై దాటినంక ఆ రెండు బకెట్లు నువ్వే పట్టుకో."