విమానచ్ఛాయాగ్రాహక శిఖామణి

చెన్నపట్టణమున మానవజాతులు పెక్కు కలవు. మార్గశీర్షమాసము ప్రవేశింపగానే సంగీతసభకు బయలుదేరి, వేదికపై తోడిరాగ మాలపించు విద్వాంసుని ఒకవంకను, వెనుకనున్న క్యాంటీనులో వేగుచున్న వడల సువాసనను ఒకవంకను తూచి, అనుపల్లవి పూర్తికాకమునుపే రెండవదానికి అనుకూలముగా తీర్పు చెప్పి లేచిపోవు రసికుడొకడు; మెట్రో స్తంభ మెక్కడ లేచినను దాని లోపమును ఇంజనీర్లకంటె ముందుగా కనిపెట్టి, నడేశన్ పార్కులో ఉదయపు నడక ముగియులోపల పదిమందికి నివేదించు విశ్రాంతోద్యోగి యొకడు. 2024వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీ ఆదివారమునాడు, భారత వాయుసేన తన 92వ వార్షికోత్సవమును పురస్కరించుకొని 72 విమానములను మెరీనా తీరముపై ఎగురవేసినప్పుడు, ఈ జాబితాకు మఱొక జాతి చేరినది. ఆ జాతివాడే విమానచ్ఛాయాగ్రాహకుడు.

ఇతనికి నేను పేరు పెట్టను. పడమటి మాంబళములో మనవాండ్రుండు ఏ మేడ మూడవ అంతస్తునకైనను ఎక్కి తలుపు తట్టుడు. తలుపు తీసినవాడు మిమ్ము పలుకరింపక ముందుగా మీ ముఖముపై వెలుతురు ఏవైపునుండి పడుచున్నదో చూచినయెడల, అతడే యితడు. అంతవఱకు ఇతనికి విమానములతో గల సంబంధము హైదరాబాదు టిక్కెట్టు ధర పెరిగినదని చింతించుటయే. రెండు దశాబ్దములకు పైబడి ఇట్టి ప్రదర్శన పట్టణమునకు రాలేదని పత్రికలో చదివిన నాటినుండి, ఆ రెండు దశాబ్దములును తాను దానికొఱకే కాచుకొనియున్నట్లు ఇతనికి తోచినది. తోచుటయేమి, వారము తిరుగకుండగనే కెమెరాయు, నాలుగువందల మిల్లీమీటర్ల వఱకు సాగు లెన్సును ఇంటికి వచ్చినవి.

"రెండు లక్షలా? విమానం చూడ్డానికి కళ్ళు చాలవుటండీ?" అని ఇల్లాలు ఆశ్చర్యపోయెను.

"కళ్ళు సెకనుకు ఇరవై ఫొటోలు తియ్యవే" అని అతడు సమాధానము చెప్పెను. అంతతో నిలువక, మద్రాసునకును విమానమునకును గల అనుబంధ మీనాటిది కాదనియు, మౌంటురోడ్డున హోటలు నడపిన డాంజెలిస్ అను కార్సికా దొర 1910లోనే సింప్సన్ కంపెనీవారి సాయమున విమానమును నిర్మింపించి పల్లావరమున ఎగిరెననియు, అట్టి చరిత్ర గల నగరమున నివసించుచు సెల్‌ఫోనుతో ఫొటోలు తీయుట పూర్వులకు అపచారమనియు వివరించెను. ఆమె శ్రద్ధగా విని, "ఆ దొరకి హోటలుందండీ. మనకి ఇంటి అప్పుంది" అని వంటయింటిలోనికి పోయెను. ఈ ప్రత్యుత్తరమునకు చరిత్రలో ఆధార మెంత వెదకినను అతనికి దొరకలేదు.

కెమెరా పెట్టె విప్పిన రాత్రి ఆ యింట ఎవ్వరును నిద్రింపలేదు. క్రొత్తవస్తువునకు పసుపు కుంకుమ పెట్టవచ్చిన అత్తగారిని "లెన్సు మీద వద్దండీ, లెన్సు మీద వద్దు" అని వారించి, పట్టీకి మాత్రము బొట్టు పెట్టనిచ్చి, అతడు అధ్యయనమున కుపక్రమించెను. ఎవడైనను క్రొత్త కెమెరా కొన్నవాడు మొదట ఆటోమేటిక్కున నాలుగు దినములు ఇంటిలోని పిల్లలను, పూలకుండీలను తీసి చేయి కుదుర్చుకొని, పిదప షట్టరు వేగమొకటి తన చేతిలోనికి తీసికొని, ఆ తరువాతనే తక్కినవానిజోలికి పోవుట మర్యాద. ఇతడు మర్యాదను లెక్కింపలేదు. షట్టరు, ఎపర్చరు, ఐఎస్ఓ అను మూడింటిని ఒకేరాత్రి వశపఱచుకొనదలచి, తెల్లవాఱునప్పటికి ఆ మూడింటికిని తానే వశుడై, కాఫీ తెచ్చిన బావమఱదితో "నువ్వు రా ఫైలు పక్షమా, జేపెగ్ పక్షమా?" అని గంభీరముగా ప్రశ్నించెను. "నేనింకా పళ్ళు తోముకోలేదు బావా" అని ఆ అమాయకుడు విన్నవించుకొనెను.

పిమ్మట అభ్యాసము. విమానము కదలు వస్తువు గనుక కదలు వస్తువుపైననే అభ్యసింపవలయు ననునది సత్యమే. కదలుచున్నదానిని విడువక వెంబడించు ఫోకస్ ఏర్పాటొకటి కెమెరాలో కలదు. దానిని నొక్కిపట్టి, నడుము పైభాగమునంతయు ఒక్క వేగమున త్రిప్పుచు, నొక్కిన తరువాతకూడ త్రిప్పుట మానకుండుట ఇందలి విద్య. ఈ విద్యకు చెన్నపట్టణమున కాకిని మించిన గురువు లేదు. భోజనమునకు ముందు కాకికి పిడికెడన్నము పెట్టు ఆచారము గల యూరిలో, అంతవఱకు ఆ పుణ్యము నెల్లప్పుడును ఇల్లాలికే వదలిన యీ మహనీయుడు, ఇప్పుడు ప్రాతఃకాలముననే ఇడ్లీ తునుకలతో బాల్కనీలో ప్రత్యక్షము కాజొచ్చెను. కాకి వ్రాలును, ఇతడు చప్పట్లు కొట్టును, కాకి ఎగురును, చప్పట్లు కొట్టిన చేతులు కెమెరాను అందుకొనునప్పటికి కాకి కోడంబాకము చేరును. తుదకు చప్పట్లు కొట్టు ఉద్యోగము బావమఱది కొసంగబడెను. ఆ వారములో పితృదేవతలు తృప్తి చెందినంతగా మఱెన్నడును చెంది యుండరు.

ప్రదర్శనము 11 గంటలకు ఆరంభమై 1 గంటకు ముగియునది. అధికారులు 15 లక్షలమంది ప్రేక్షకులను ఆశించిరి. జనము వారి యాశను భంగపఱుపలేదు. వేళచేరి, చింతాద్రిపేట స్టేషన్లలో రైలెక్కుటకు కాదు, ప్లాట్‌ఫారముపై నిలుచుటకే చోటు కఱవయ్యెను. మనవాడు మెడలో కెమెరాయు, వీపున సంచియు, సంచిలో బ్యాటరీలును, మెమరీ కార్డులును, లెన్సు తుడుచు మూడు విధముల గుడ్డలును మోసికొని పోయెనే గాని, నీళ్ళసీసా మోయలేదు. ఆనాటి యెండకును జనసమ్మర్దమునకును తాళలేక ఐదుగురు ప్రాణములు గోల్పోయిరి; ఆ సంగతి తలచినప్పుడు ఈ కలము కొంతసేపు కదలదు. మనవాని ప్రాణమును నిలిపినది బావమఱది తెచ్చిన మజ్జిగసీసా. దానినిగూడ అతడు ఒకకన్ను కెమెరాకు అంటించి యుంచియే త్రాగెను.

ఇక లెన్సు సంగతి. నాలుగువందల మిల్లీమీటర్లకు సాచిన ఆ గొట్టము అరకిలోమీటరు దూరమున చూపు ఆకాశపు వెడల్పు సుమారు 30 మీటర్లు. రఫేల్ విమానము పొడవు 15 మీటర్ల పైచిలుకు. గంటకు 900 కిలోమీటర్ల వేగమున పోవు విమానము సెకనుకు 250 మీటర్లు దాటును. కావున కదలక పట్టుకొన్న కెమెరాలో అది యుండుకాలము సెకనులో ఎనిమిదవ వంతు. రథోత్సవమునాడు కపాలీశ్వరుని రథమును తాళపుచెవి రంధ్రమునుండి సేవించువానికి కలుగు దర్శనమెట్టిదో, మనవానికి రఫేల్ దర్శన మట్టిదే యయ్యెను. ధ్వని వచ్చిన దిక్కునకు కెమెరా త్రిప్పును, అక్కడ నీలాకాశము. ధ్వని విమానమునకు వెనుకబడి వచ్చునని బడిలో చదివినవాడే. కాని ఆ సమయమున బడి జ్ఞప్తికి రాలేదు. చుట్టునున్నవారు "అదో! అదో!" అని అరచుచుండ, ఇతడు ఆ యరపుల మధ్య ఆకాశమును సెకనుకు ఇరువది చొప్పున భద్రపఱచుచుండెను. తుదకు సూర్యకిరణ్ బృందమువారి తొమ్మిది హాక్ విమానములును పొందికగా, నిదానముగా, ఎవరికైనను దొరకునట్లు నడినెత్తికి వచ్చినప్పుడు, కెమెరా నొక్కినను నొక్కబడదయ్యెను. పగిలినదేమో యని అతని గుండె జారెను. పగులలేదు. ఫొటో యొక్కటికి 30 మెగాబైట్ల చొప్పున సెకనుకు 600 మెగాబైట్ల నీలాకాశమును మ్రింగిన ఆ యంత్రము, దానిని మెమరీ కార్డుపై వ్రాసికొనుటకు వ్యవధి కోరుచుండెను.

ఇంటికి వచ్చి చూచుకొనగా విమానములును లేకపోలేదు. కాని అవి అన్నియు నల్లగా నుండెను. మధ్యాహ్నపు సూర్యుడు ఇంచుమించు నడినెత్తిన నుండుటచేత విమానముల పొట్టలు నీడలో నుండును. కెమెరాయో, ఆకాశపు కాంతినే చూచి బెదరి బొమ్మనంతటిని చీకటి చేయును. అప్పుడు ఎక్స్‌పోజరును కొంచెము పెంచి యంత్రమునకు ధైర్యము చెప్పవలయును. మనవాడు తగ్గించి యుండెను. కాకులపై నేర్చిన విద్య కావున సుఖోయ్ యొక కాకి, తేజస్ ఒక చిన్నకాకి, జాగ్వార్ ముక్కు పొడవైన కాకి.

స్పష్టముగా వచ్చినది డకోటా యొక్కటే. 1947 అక్టోబరు 27న సిక్కు పటాలమును శ్రీనగరమునకు చేర్చిన జాతి విమానమది; వృద్ధురాలు గనుక మెల్లగా వచ్చి, ఇతనిని కరుణించినది. దానిని సెకనులో నాలుగువేలవ వంతు వేగమున తీసి, ఱెక్కలపై మేకులు లెక్కపెట్టవచ్చునని పొంగిపోవుచు మామగారికి చూపెను. ఒకప్పుడు డకోటాలో ప్రయాణము చేసిన ఆ వృద్ధుడు కళ్ళజోడు సవరించుకొని, చాలసేపు చూచి, "ఫంకాలు రెండూ ఆగిపోయాయే అల్లుడుగారూ! క్షేమంగా దిగిందా, పాపం?" అని ఆందోళన కనబఱచెను. ప్రొపెల్లరు గల విమానములకును హెలికాప్టర్లకును షట్టరును రెండువందల యేబదవ వంతునకో, అంతకును దిగువకో తగ్గించి, ఫంకా తిరుగుచున్నట్లు మసకగా రానీయవలయునను రహస్యము అతనికప్పుడు తెలిసినది. సారంగ్ హెలికాప్టర్లు సహితము అతని ఫొటోలలో ఒక్క ఱెక్కయు ఆడింపక, ఆకాశమున నిష్కారణముగా నిలిచియున్నవి.

మీరో నేనో అయినచో ఇక్కడ కెమెరాను బీరువాలో పెట్టుదుము. ఈ జాతివాని గొప్పతనమంతయు ఇక్కడనే కలదు. మరునాటికే అతడు ఆచార్యుడయ్యెను. లిఫ్టులో దొరికినవారికెల్ల "జెట్టుకి రెండువేలవ వంతు, ఫంకాకి రెండువందల యాభై" అని ఉపదేశింపసాగెను. ఫిబ్రవరిలో బెంగుళూరు ఎలహంకలో జరుగు ఏరో ఇండియాకు సెలవు కోరెను. దానికి నాలుగువందలు చాలదనియు, ఆఱువందల మిల్లీమీటర్లు లేనిదే విమానము కంటికానదనియు ఇంట సూచనప్రాయముగా అనెను. ఇల్లాలు విననట్లే యుండి, "అదలా ఉంచండి. పేరంటాళ్ళొచ్చారు, కొలువు ఫొటో ఒక్కటి తియ్యండి" అనెను.

అవి నవరాత్రి దినములు. హాలులో ఆఱడుగుల వెడల్పున బొమ్మలకొలువు తీరియుండెను. దశావతారములు పైమెట్టున, చెట్టియారును ఆయన పప్పులకొట్టును క్రిందిమెట్టున. బొమ్మలు ఎగురవు, బెదరవు, ధ్వనికంటె ముందు పరుగెత్తవు. అతడు కెమెరా యెత్తి చూచెను. చెట్టియారు పొట్ట తప్ప మఱేమియు కనబడలేదు. ఆ లెన్సు ఎంత కుదించినను నూఱు మిల్లీమీటర్లకు తగ్గదు, కొలువంతయు పట్టవలెనన్న ఇరువదియైదు అడుగులు వెనుకకు పోవలయును, హాలు పండ్రెండడుగులు. అతడు వెనుకకు నడచెను. గడప దాటెను. వసారా దాటెను. పేరంటాండ్రు శనగలు చేతబట్టుకొని నవ్వు నిలుపుకొని కూర్చుండిరి. "ఇంకొంచెం... ఇంకొంచెం..." అనుచు అతడు ఎదురింటి తెఱచిన తలుపులోనికి వీపుతో ప్రవేశించెను. ఆ యింటి మామి ఇతడు తమ కొలువు చూడవచ్చినాడనుకొని, "వాంగో, వాంగో" అని సంతోషించి, సుండలు పొట్లమొకటి చేతబెట్టి, తమ కొలువుకును ఒక ఫొటో తీయుమని కోరెను. ఆమె హాలును పండ్రెండడుగులే. అతడు కెమెరా నటు త్రిప్పి, వెనుకకు వెనుకకు నడచి, వసారా దాటి, గడప దాటి, తన యింటిలోనికి వచ్చి పేరంటాండ్ర నడుమ నిలిచెను.