కూర్చుని తిన్నా కొనుక్కుపోయినట్టే

తింటే సూరత్‌లో తినాలి, చస్తే కాశీలో చావాలి అనే అర్థం గల సామెత ఒకటి గుజరాతీలో ఉంది. ఈ సామెతలోని మొదటి సగాన్ని నిర్వచించుకోవలసిన అగత్యం ఆ నగరవాసులకు ఎన్నడూ కలగలేదు. రాత్రి భోజనాలు ముగించి, పిల్లాపాపలతో స్కూటర్లెక్కి డుమస్ రోడ్డుకు పోయేవారికి గానీ, మరమగ్గాల పనికి వచ్చి లింబాయత్‌లో స్థిరపడి, పేటలోని ఐస్‌క్రీమ్ పార్లర్‌తోనే సరిపెట్టుకునే తెలుగు పద్మశాలి కుటుంబాలకు గానీ, తాము అక్కడ కూర్చుని తింటున్నామా లేదా అనే సందేహం రావడానికి కారణమే లేదు. ఆ సందేహం కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డుకు వచ్చింది.

2021 సెప్టెంబరు 17న లక్నోలో జరిగిన జీఎస్‌టీ మండలి 45వ సమావేశం సిఫార్సును అనుసరించి, ఆ బోర్డు అక్టోబరు 6న ఒక సర్క్యులర్ జారీ చేసింది. ఐస్‌క్రీమ్ పార్లర్ ముందే తయారైన సరుకును అమ్ముతుందే తప్ప ఏ దశలోనూ వంట చేయదు గనుక దానికి రెస్టారెంటు లక్షణం లేదనీ, అందుచేత పన్ను 18 శాతమనీ అందులో తేల్చారు. రెస్టారెంటు సేవ అంటే, ఆహారాన్ని వండి వడ్డించడాన్ని సరుకు అమ్మకంగా గాక సేవగా పరిగణించే వర్గం. 2017 నవంబరు 15 నుంచి దానిమీద సాధారణంగా 5 శాతమే పన్ను, అయితే ముడిసరుకులపై కట్టిన పన్నును మినహాయించుకునే హక్కు దానికి లేదు. పార్లర్‌కు ఆ హక్కు ఉన్నది గదా అని అధికారులు సమాధానం చెప్పవచ్చు. ఉన్నది నిజమే గానీ, అది కోన్ పట్టుకున్న పిల్లవాడికి కాదు, గల్లాపెట్టె వెనుక కూర్చున్నవారికి.

ఈ సిద్ధాంతాన్ని పార్లర్‌లోనే పరీక్షించడం మేలు. పనివాడు అద్దాల పెట్టె మూత జరిపి, నీళ్లలో ముంచిన స్కూపుతో కేసర్ పిస్తాను గట్టిగా గీకి, గిన్నెలో రెండు ఉండలు వేసి, పైన చాక్లెట్ సాస్ పోసి, జీడిపప్పు పలుకులు చల్లి, వేఫర్ ముక్క గుచ్చి, నాలుగు చెంచాలతో ట్రేలో బల్ల దగ్గరకు తెస్తాడు. తాతగారికి చక్కెర జబ్బు గనుక ఒక్క చెంచాతో ఆపాలని కోడలు గుర్తుచేస్తుంది. ఆయన మూడో చెంచా దగ్గర వినిపించుకుంటారు. ఇంత జరిగినా శాస్త్రరీత్యా అక్కడ ఏమీ జరగలేదు. అద్వైతులు జగత్తును మిథ్య అన్నారు. పన్నుల శాఖ అంత దూరం పోకుండా కుర్చీతోనే ఆగింది.

నిప్పు రాజేస్తే సేవ, మంచులో పెడితే సరుకు అన్నది ఈ మతానికి మూలసూత్రం. అయితే సూరత్‌కు కోల్డ్ కోకో అనే చిక్కని పానీయం ఉంది. పాలు, కోకో పొడి, పంచదార కలిపి కాచి, ఆపై బాగా చల్లబరుస్తారు. ఒకే కప్పు కింద కోకో కాచే పొయ్యీ, ఐస్‌క్రీమ్ పెట్టే ఉంటే, ఆ పొయ్యి పుణ్యం పక్కనున్న పెట్టెకు ఎన్ని గజాల దూరం వరకు సోకుతుందో కొలిచే పని న్యాయవాదులకు దక్కింది. హోటల్లో పావ్‌భాజీ తిని, అదే బిల్లులో నూరు రూపాయల ఐస్‌క్రీమ్ తెప్పించుకున్న నాలుకకు అప్పట్లో పన్ను 5 రూపాయలు. ఇంట్లో పప్పన్నం తిని పార్లర్‌కు నడిచివచ్చిన నాలుకకు 18. ఇంట్లో వండుకోవడం ఇంత ఖరీదైన అలవాటని గృహిణులకు ముందే ఎవరైనా చెప్పవలసింది.

తిండిని తర్కానికి ఎక్కించిన ఘనత మనది మాత్రమే కాదు. బ్రిటన్‌లో జాఫా కేక్ అన్నది కేకా, చాక్లెట్ పూత పూసిన బిస్కట్టా అని 1991లో పన్నుల ట్రిబ్యునల్ విచారించి, నిలవ ఉంటే కేకు గట్టిపడుతుంది, బిస్కట్టు మెత్తబడుతుంది అనే అంశాన్ని సైతం లెక్కలోకి తీసుకుని కేకేనని తేల్చింది. అక్కడ కనీసం తినే వస్తువును పరీక్షించారు.

2022 ఆగస్టు 3న బోర్డు కొంత కరుణించింది. 2021 అక్టోబరు 6కు ముందు 5 శాతం కట్టిన పార్లర్లు మిగతాది చెల్లించనక్కర్లేదనీ, అప్పటికే 18 శాతం కట్టినవారికి మాత్రం వాపసు ఉండదనీ స్పష్టం చేసింది. చట్టాన్ని ముందుగా అర్థం చేసుకున్నవాడికి ఇంతకంటే సూటిగా బుద్ధి చెప్పడం కష్టం. 2017 జూలైలో జీఎస్‌టీకి నిరసనగా బట్టల మార్కెట్లు మూసివేసిన నగరానికి ఇదేమీ కొత్త పాఠం కాదనుకోండి.

2025 సెప్టెంబరు 22 నుంచి ఐస్‌క్రీమ్ మీద పన్నును 5 శాతానికి దించారు. దాంతో వంట గొప్పదా, మంచు గొప్పదా అనే వాదానికి రూపాయల్లో విలువ లేకుండా పోయింది; నాలుగేళ్ల భాష్యం ఒక్కరోజులో కరిగింది. తగ్గించింది సరుకు మీది రేటు గనుక, కుర్చీకి మాత్రం ఇందులో గౌరవమేమీ దక్కలేదు.

అంతకంటే పాత ముచ్చట ఒకటి మిగిలింది. కాంపోజిషన్ పథకం అని చిన్న వ్యాపారులకు ఒక వెసులుబాటు ఉంది. గుజరాత్ వంటి రాష్ట్రాల్లో ఏటా కోటిన్నర రూపాయల లోపు వ్యాపారం చేసే చిన్న తయారీదారు, వివరమైన లెక్కల బెడద లేకుండా అమ్మకాల మీద 1 శాతం కట్టి బయటపడవచ్చు. 2017లో ఈ పథకం నుంచి తయారీదారులలో ఎవరెవరిని వెలివేయాలో జాబితా రాసినప్పుడు అందులో పాన్‌మసాలా, పొగాకు, వాటి సరసన ఐస్‌క్రీమ్ చేరాయి. మొదటి రెండింటి పొట్లాల మీద ఆరోగ్యానికి హానికరమని అచ్చువేస్తారు. మూడోదాని డబ్బా మీద, పిల్లలకు కనబడేలా, ఏమని వేయాలో ఇంకా ఎవరూ చెప్పలేదు.