నచ్చని విదేశీ దెయ్యం సినిమాను మెచ్చుకోవడం ఎలా?

సంధ్య థియేటర్‌కు నడిచిపోయేంత దూరంలో, బాగ్ లింగంపల్లిలో ఉండేవాళ్లు పుట్టుకతోనే విమర్శకులు. ఇంటర్వెల్ కాకముందే సినిమా పోయిందని తేల్చేస్తాం. అదే దెయ్యం థాయ్‌లో మాట్లాడిందా, చేతులు కట్టుకుని కూర్చుంటాం. ఆ వినయం ఇంకా అబ్బనివారికి కొన్ని సూచనలు.

2021లో వచ్చిన థాయ్ సినిమా ‘ద మీడియం’ పెట్టుకున్నారనుకుందాం. ‘ద వెయిలింగ్’ తీసిన కొరియా దర్శకుడు నా హాంగ్-జిన్ దీనికి నిర్మాత. ఈ ముక్క ముందే చెప్పేయండి. ఇక బాగాలేదనే ధైర్యం గదిలో ఎవరికీ ఉండదు.

మిర్చిబజ్జీలు వద్దు. ప్లేటులోకి చూస్తే సబ్‌టైటిల్ పోతుంది.

నిద్రొస్తే ‘స్లో బర్న్’ అనండి. ఈ మాట మహిమ అంతా ఇంతా కాదు. మన హీరోయిన్ చీకట్లో రెండు నిమిషాలు నడిస్తే ఎడిటర్ పడుకున్నాడా అంటాం. ఈసాన్ పల్లెలో దేవత పూనే నిమ్ ఎంతసేపు నడిచినా ‘వాతావరణం’ అంటాం. పూనకం మనకేమన్నా కొత్తా? ఏటా బోనాల మర్నాడు సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడిలో పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే రంగం చూస్తూ పెరిగినవాళ్లం. అక్కడ వాన సంగతి చెప్పిందా లేదా అని నిలదీస్తాం. థాయ్ అమ్మవారిని మాత్రం ఒక్క ప్రశ్న అడగం. పైగా ఇది డాక్యుమెంటరీ తీరులో తీసిన కథ. చివర్లో దెయ్యం పట్టినవాళ్లు తోటివాళ్లను పీక్కు తింటున్నా కెమెరా ఆగదు. కెమెరా పారేసి ఉరకడేంరా అని సుదర్శన్ థియేటర్‌లో అయితే బాల్కనీ నుంచే అరిచేవాళ్లం. ఇంట్లో ‘ఫౌండ్ ఫుటేజ్’ అని గొణిగి సర్దుకుంటాం.

రామ్‌గోపాల్ వర్మ 1992లోనే ‘రాత్రి’లో రేవతికి దెయ్యం పట్టించిన సంగతి ఎత్తకండి. పోలిక వస్తుంది. పోలికతో పాటు నిజమూ బయటికొస్తుంది.

నిజం చెప్పాలంటే, సగం సినిమాకే నాకు విసుగొచ్చేస్తుంది. కానీ పక్కన అశోక్ నగర్‌లో గ్రూప్స్‌కు చదివే కుర్రాడు కూర్చుని ఉంటాడు. వాడు కన్నార్పకుండా చూస్తుంటే, నాకు అర్థం కాలేదనుకుంటాడేమోనని నేనూ కన్నార్పను. వాడెందుకు ఆర్పడో ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు చాయ్ దగ్గర ఎవరైనా “ఎట్లుందన్నా?” అంటే, “అందరికీ ఎక్కదు” అని ఊరుకోండి. వాడు ఆ రాత్రే చూస్తాడు. పొద్దున్నే ఎదురొచ్చి తనకు బాగా ఎక్కిందంటాడు.