పదో వచనం కనబడని క్యాలెండర్

కర్నూలు, కడప జిల్లాల్లో వానకు కరువుంది గానీ విశ్వాసానికి లేదు. కోతలు ముగిశాయంటే ఊరూరా ఉజ్జీవ సభలు, స్వస్థత కూటాలు. నాలుగు రోడ్ల కూడలిలో ఫ్లెక్సీ లేస్తుంది. అందులో దైవజనుడు కోటు, టై వేసుకుని, సీమ ఎండలో చుక్క చెమట పట్టకుండా నవ్వుతుంటాడు. సౌండు బాక్సుల దెబ్బకు మూడు వీధుల అవతలి చెవిటివాడికి కూడా ఇష్టమున్నా లేకున్నా స్వస్థత కలుగుతుంది. సభలు ముగిసిన మర్నాడు సంఘపెద్ద కౌలురైతును పలకరిస్తాడు: "ఏమప్పా, బోరు ఎండిపాయనంట కదా? ప్రార్థనలో పెడ్తాంలే." ఆ పెద్ద ఏదైనా పెట్టేది అక్కడొక్కచోటే. కంచంలో పెట్టడం క్రియల కిందికి వస్తుంది, క్రియల వల్ల రక్షణ లేదు గదా!

తిండీ గుడ్డా లేనివాణ్ణి నోటితో దీవించి సాగనంపితే ఏం లాభమని బైబిల్లోని తన పత్రికలో యాకోబు ఎప్పుడో అడిగాడు. కానీ యాకోబును వేదిక ఎక్కనిచ్చేదెవరు? మన గోడ క్యాలెండర్లకు ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయం ఎనిమిది, తొమ్మిది వచనాలు చాలు. కృప చేత రక్షణ, క్రియల వల్ల కాదని అక్కడుంది. మంచి పనులు చేయడానికే మనల్ని సృష్టించారని చెప్పే పదో వచనం వచ్చేసరికి ప్రెస్సువాడి దగ్గర కాగితం అయిపోతుంది.

కాస్త చదువుకున్న అయ్యగారైతే ప్రొటెస్టెంటు సంస్కర్త మార్టిన్ లూథర్‌ను సాక్షిగా పిలుస్తాడు. 1522లో లూథర్ యాకోబు పత్రికను గడ్డితో పోల్చిన మాట నిజమే. మనవాళ్ళు ఆ గడ్డి మాత్రం మేసి తక్కినది వదిలేశారు. మరుసటి ఏడు జర్మనీలోని లైస్నిగ్ ఊరి సంఘం పేదల కోసం ఉమ్మడి నిధి పెట్టెను ఏర్పాటు చేసుకుంటే, దానికి ముందుమాట రాసింది ఆ లూథరే. 1524లో వడ్డీ వ్యాపారాన్ని ఉతికి ఆరేస్తూ పుస్తకం రాసిందీ ఆయనే. ఈ సంగతి మన సంఘపెద్దలకు తెలియకపోవడమే మేలు. తెలిస్తే ఆయన్నీ క్యాలెండర్‌లోంచి తీసేస్తారు.

అంత దూరం ఎందుకు, మన పక్కకే రండి. 1876-78 కరువు. కర్నూలు, కడప, బళ్ళారి మాడిపోయిన కాలం. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు పట్టాడు. అంతకుముందు భూమి సర్వే పని చేసినవాడు కాబట్టి గొలుసూ పారా ఆయనకు కొత్త కాదు. ఆకలితో వచ్చినవాళ్ళకు పని ఇచ్చాడు, కూలి ఇచ్చాడు. బాప్తిస్మం అడిగితే మాత్రం ఇవ్వనన్నాడు. కడుపు మంటకు మునిగినవాణ్ణి విశ్వాసి అని లెక్క రాయడానికి ఆయనకు మనసొప్పలేదు. కరువు పని ముగిశాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. అప్పటి కర్నూలు జిల్లాలో ఉన్న కంభం దాకా ఆ సంఘాలు పాకాయి.

ఇప్పుడు మన సభల్లో 2,222 అంకె పసిపిల్లలకు కూడా కంఠస్థం. మూడున్నర మైళ్ళ కాలువ మాట ఎత్తరు. అంకె చెబితే చప్పట్లు పడతాయి, కాలువ చెబితే పార పట్టాల్సి వస్తుంది. బాప్తిస్మం ఇవ్వనన్న ఆ కరువు కాలం మాటైతే అసలే ఎత్తరు. ఎవరు చేయెత్తినా ఫోటో తీసి దాతలకు పంపే కాలంలో అది నష్టాల వ్యాపారం.

క్లౌ ఒక్కడే కాదు. లండన్ మిషన్ జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రి కట్టింది. బాప్టిస్టులు కర్నూలులో కోల్స్ బడి పెట్టారు. ఆ దొరలు దేవతలేమీ కారు, వాళ్ళ గొప్పలూ జబ్బులూ వాళ్ళవి. కానీ రోగి వస్తే మందిచ్చి, ఆ పైన ప్రార్థన చేశారు. మనం మందు బిల్లు రోగికి వదిలేసి ప్రార్థన మాత్రం ఉచితంగా ఇస్తున్నాం.

కులం సంగతి కూడా చూద్దాం. పాత కర్నూలు జిల్లా చిందుకూరులో పుట్టిన పూల అంతోని 2022లో కార్డినల్ అయ్యారు, దళితుల్లోంచి మొట్టమొదటి కార్డినల్. అభినందన సభల్లో పులకించిపోయాం. "క్రీస్తులో కులం లేదు" అన్నాం. ఇంటికొచ్చి పిల్లకు సంబంధం చూసేటప్పుడు, అబ్బాయి రక్షణ పొందాడా అనే ప్రశ్న రెండోది. మొదటిది ఏ కులమని.

అసలు చిక్కు ఎక్కడంటే, సీమ విశ్వాసి కృపను రుణమాఫీలా అర్థం చేసుకున్నాడు. పైవాడు నా బాకీ కొట్టేశాడు, స్తోత్రం. నాకు రావాల్సింది మాత్రం నూటికి మూడు రూపాయల వడ్డీతో రావాల్సిందే. పెద్ద అప్పు మాఫీ చేయించుకుని, బయటికొచ్చి చిల్లర బాకీ కోసం తోటివాడి గొంతు పట్టుకున్న దాసుడి కథ యేసు చెప్పాడు. ఆ దాసుడు మన సంఘంలో చేరి ఉంటే కోశాధికారి అయ్యేవాడు.

విశ్వాసులారా, వచ్చే ఏడు కూడా సభలు పెట్టండి, మైకులు కట్టండి. ఒక్క మనవి. మొదటి రోజు కానుకల సంచి తిప్పే ముందు, వేదిక మీది పెద్దలు తమ బీరువాల్లోని పేదల ప్రోనోట్లు తెచ్చి అందరి ముందు చించేయండి. ఆ సాక్ష్యానికి మైకు అక్కర్లేదు, పొద్దుటికల్లా ఊరంతా తెలుస్తుంది.