కోసిన తాడు: టీకా, తాత్పర్యం

మూలం: కోసిన తాడు వాపసు తీసుకొనబడదు.

అవతారిక. మొగల్తూరు అనగానే సినిమా పత్రికల వాళ్ళకు 1940లో పుట్టిన కృష్ణంరాజు, 1955లో పుట్టిన చిరంజీవి గుర్తొస్తారు. వ్యాఖ్యాతలకు మాత్రం హీరోలతో పని లేదు, ఒక వాక్యం దొరికితే చాలు. నరసాపురం నుంచి మొగల్తూరు మీదుగా పేరుపాలెం సముద్రానికి పోయే దారి పొడుగునా కొబ్బరి తోటలు, వాటి వెనక రొయ్యల చెరువులు. చెరువుల సామాను అమ్మే కొట్లో గోడకు వేలాడే అట్టముక్క మీద ఉండే వాక్యమే పై మూలం. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ కావ్యవ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ. ఈ టీకాలో ఆ ప్రతిజ్ఞలోని రెండో సగాన్ని కాస్త సడలించడమైనది.

ప్రతిపదార్థం. కోసిన = చుట్ట నుంచి వేరు చేయబడిన; తాడు = పలుపు, తలుగు, ముకుతాడు, పగ్గం, మోకు, చేంతాడు మొదలైన సకల రజ్జుజాతి; వాపసు = కొన్నవాడి చేతి నుంచి కొట్లోకి తిరుగు ప్రయాణం; తీసుకొనబడదు = జరగని పని.

‘తెంపిన’ అనకుండా ‘కోసిన’ అనడంలో ఔచిత్యం ఉంది. తెలుగింట్లో తాడు తెగడం అనరాని మాట. నల్లపూసలు తెగితే పెరిగాయంటారు, దీపం ఆరితే కొండెక్కిందంటారు, బియ్యం అయిపోతే నిండుకున్నాయంటారు. పొద్దున్నే బోణీకి వచ్చిన మనిషి ముందు కొట్టువాడు ‘తాడు తెంపనా’ అంటాడా? కోయడంలో అశుభం లేదు, కూరగాయలు కోసినట్టే.

‘తీసుకొనబడదు’ అనే కర్మణి ప్రయోగం మీద వైయాకరణులకు ఎప్పుడూ అనుమానమే. తెలుగువాడు నోటితో ‘తీసుకోనండి’ అంటాడు, బోర్డు మీద మాత్రం ‘బడదు’ అని రాస్తాడు. తగాదా వస్తే కర్త కనపడకుండా పోవడానికి అది వీలు. ఆ మాయమైన కర్తే ఈ టీకాకు ప్రాణం. ఎందుకంటే ‘కోసిన’ అన్నచోట కూడా ఎవరు కోసిందీ మూలకారుడు చెప్పలేదు. చెయ్యి కోసిందా? యంత్రం కోసిందా? ఇక్కడే వ్యాఖ్యాతలు రెండుగా చీలిపోయారు.

ముందు యంత్రవాదులు. వీరి యంత్రంలో రెండు రోలర్లు చుట్ట నుంచి తాడును పట్టి లాగుతాయి. రోలరు ఎంత తిరిగిందో ఒక ఎన్‌కోడర్ లెక్క పెడుతుంది. పొడవెంత, ముక్కలెన్ని అని తెర మీద నొక్కితే చాలు, కాలిన బ్లేడు దిగి కోసుకుంటూ పోతుంది. పాలీప్రొపిలీన్ సుమారు 165 డిగ్రీల దగ్గర, నైలాన్-6 సుమారు 220 దగ్గర కరుగుతాయి. కాబట్టి కోత పడిన చోటే పోగులు కరిగి అతుక్కుంటాయి, పురి విడిపోదు. చేత్తో కత్తి పెట్టి కోసేవాడు ఆ తర్వాత కొవ్వొత్తో లైటరో వెలిగించి కొసను కాల్చి, వేళ్ళు కాలకుండా నొక్కాలి. ముక్కలు అయిదు వందలైతే రెండు కొసల లెక్కన వెయ్యిసార్లు. ఈ వాదాన్ని పూర్వపక్షమని తీసిపారేయడం తేలిక కాదు. చెరువుల్లో ఏరియేటర్లు కొట్టుకుపోకుండా గుంజలకు కట్టే తాళ్ళు ఒకే కొలతలో వందల కొద్దీ కావలసి వచ్చినప్పుడు యంత్రమే న్యాయం.

హస్తవాదులకూ ఒక యంత్రం ఉంది: రెండు మేకులు. ఆరు మీటర్ల ముక్కలు కావాలంటే మూడు మీటర్ల ఎడంతో బల్ల మీద మేకులు కొట్టి, తాడును వాటి చుట్టూ తిప్పి, ఒక మేకు దగ్గర అన్నిటినీ ఒక్క వేటున కోస్తారు. ఎన్ని చుట్లో అన్ని ముక్కలు. కిటుకల్లా చుట్టు పక్కన చుట్టు పడాలి. చుట్టు మీద చుట్టు పడితే పైకి పోయేకొద్దీ ముక్క పొడుగవుతుంది. మేకుల్లేనివాడికి ఉన్నది బార. నాలుగు మూరలు ఒక బార, అంటే చేతులు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు ఆరడుగులు. యజమాని పొడగరైతే కొనేవాడి అదృష్టం, కౌంటర్లో కుర్రాడుంటే కొట్టు అదృష్టం. తూచి అమ్మే కొట్లో ఈ గొడవ లేదు, అక్కడ తక్కెడ గొడవ ఉంటుంది.

కొలత తగాదాకు పురాణంలో యశోద సాక్షి. కన్నయ్యను రోటికి కట్టబోతే ఎన్ని తాళ్ళు ముడివేసినా రెండంగుళాలు తక్కువే. భక్తులు దాన్ని లీల అన్నారు. తాళ్ళ వ్యాపారి మాత్రం, లాగి పట్టి కొలిచారేమోనంటాడు. నైలాన్ తాడు లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది, తడిస్తే మరికాస్త కుంచించుకుంటుంది. రోలర్లు బిగువుగా లాగుతూ కొలిస్తే తెర మీద ఆరు మీటర్లే ఉంటుంది, చెరువు గట్టు మీద ఉండదు. తాడు రోలరు మీద జారితే ఎన్‌కోడర్‌కు ఆ సంగతి తెలియనే తెలియదు.

విశేషాంశం. కొబ్బరి తాడు దగ్గర కాలిన బ్లేడు పరువు పోతుంది. పీచు కరగదు, మసిబారి, పొగ లేచి, లోపల రాజుకుంటుంది. దానికి చల్లని కత్తే గతి, కోశాక కొసకు దారం బిగించి చుట్టాలి. 1953 చట్టంతో పుట్టిన కాయిర్ బోర్డు కొబ్బరి పీచు కోసమే ఉంది. గోదావరి రెండు గట్ల మీదా తోటలకూ పీచుకూ కొదవ లేదు. ఒకప్పుడు తాడు పొడవును కత్తి కన్నా ముందు చోటు నిర్ణయించేది. పేనే మనిషి వెనక్కి ఎంతదూరం నడవగలిగితే తాడు అంత. ఇంగ్లండులో చాటమ్ నౌకాశ్రయపు తాళ్ళ చావడి పొడవు 346 మీటర్లు. ఓడలకు ముక్కలు అతికిన తాళ్ళు పనికిరావని అంత పొడుగు కట్టారు.

ఇక తోక సంగతి. నూరు మీటర్ల చుట్టను ఆరేసి మీటర్లుగా కోస్తే పదహారు ముక్కలొచ్చి నాలుగు మీటర్లు మిగులుతుంది. యంత్రం దాన్ని తుక్కులోకి తోస్తుంది. కొట్లో కుర్రాడు దాన్ని చూసి గేదెకు పలుపు చేస్తాడు. అంతకన్నా ముఖ్యం, అతను కత్తి తీసేముందు ‘దేనికండీ?’ అని అడుగుతాడు. నీటి మీద తేలాలంటే పాలీప్రొపిలీన్ ఇస్తాడు, నైలాన్ మునుగుతుంది. చెట్టెక్కే మోకు కోసమైతే చవకది చూపించడు. సిద్ధాంతం అడిగితే టీకాకారుడు ఈ ప్రశ్న వైపే మొగ్గుతాడు: అడగక్కర్లేని కోత యంత్రానికి, అడిగి కోయాల్సింది చేతికి.

పాఠాంతరం. కొన్ని కొట్లలో ‘కట్ చేసిన తాడు రిటర్న్ లేదు’ అని కనిపిస్తుంది. ఇది ప్రక్షిప్తం.

వినియోగం. సాయంకాలం ఒక చెరువు కాపలాదారు కోసిన తాడు చేత్తో పట్టుకుని కొట్టుకొస్తాడు.

“ఆయ్, రెండు మూరలు చాల్లేదండీ.”

“బోర్డు చూశారాండీ?”

“చూశానండీ. వాపసు ఇత్తన్నానా ఏంటండీ, చాల్లేదంటన్నానంతే.”

కొట్టువాడు బోర్డు వైపు ఓసారి చూసి, చుట్ట నుంచి రెండు మూరలు కోసి, కాపలాదారు తాడుకు ముడేసి ఇస్తాడు. గుంజ దగ్గరికెళ్ళి కట్టబోతే బెత్తెడు తక్కువ. అది ముడికి పోయింది.