దులపడానికి 38 మంది

ఉద్యోగుల నిర్వహణ ఎలాగో నేర్చుకోవడానికి మన హైటెక్ సిటీ కంపెనీలు ఎక్కడెక్కడి నుంచో కన్సల్టెంట్లను పిలిపిస్తుంటాయి. విమానం చార్జీలు దండగ. అధికారులందర్నీ ఒక బస్సెక్కించి పాతబస్తీలో దింపి, ఖిల్వత్‌లోని చౌమహల్లా ప్యాలెస్‌కు టికెట్లు కొనిస్తే సరిపోతుంది. హెచ్‌ఆర్ శాఖలు రాకముందే హెచ్‌ఆర్ సమస్య అక్కడ దర్జాగా కాపురముంది. 1967 ఫిబ్రవరిలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కన్నుమూశాక మనవడు ముకర్రం జా చేతికి ఆస్తితోపాటు ఒక పేరోల్ కూడా వచ్చింది. చరిత్రకారుడు విలియం డాల్రింపుల్ రాసిన లెక్క ప్రకారం సిబ్బంది, వాళ్ళమీద ఆధారపడినవాళ్ళు కలిపి 14,718 మంది. ఒక్క చౌమహల్లాలోనే 6,000 మంది నౌకర్లు. అరబ్ కాపలాదారులు 3,000 మంది దాకా. మంచినీళ్ళు తేవడానికి 28 మంది, షాండ్లియర్ల దుమ్ము దులపడానికి 38 మంది, నిజాంగారి అక్రోట్లు నూరడానికి ఇంకొందరు. దర్బారు హాల్లో ఇవాళ వేలాడుతున్న బెల్జియం షాండ్లియర్లు 19. ఆ లెక్కన ఒక్కోదానికి ఇద్దరు: ఒకడు దులుపుతుంటే ఇంకొకడు కింద నిలబడి చూస్తాడు. సాఫ్ట్‌వేర్‌లో దీన్నే పెయిర్ ప్రోగ్రామింగ్ అంటారు. గ్యారేజీలో కార్లు 60, కదిలేవి నాలుగు.

చదివి నవ్వుకోవడానికి బాగానే ఉంది. అయితే ఎవర్ని చూసి నవ్వుతున్నామన్నది తేల్చుకోవాలి. దులిపేవాడు తనంతట తాను వచ్చి నిచ్చెనెక్కలేదు. ఎంతమంది సలాం కొడితే అంత గొప్ప అనే లెక్క దర్బారుది. ఆ లెక్కకు అంకె కావాలి, అంకెకు మనుషులు కావాలి. అంకె పెంచుకున్నంతకాలం దాన్ని వైభవం అన్నారు. 1949లో జాగీర్లు పోయాయి, 1971లో రాజభరణాలూ రద్దయ్యాయి. అప్పుడు అదే అంకె భారం అయింది, అందులోని మనిషి దండగమారివాడయ్యాడు. మామూలుగా సంస్థ కుదేలైతే ఉద్యోగులు మానేస్తారు. ఇక్కడ యజమానే మానేసి, పశ్చిమ ఆస్ట్రేలియా వెళ్ళి గొర్రెల ఫారం చూసుకున్నాడు. అట్రిషన్ చరిత్రలో ఇదొక ప్రత్యేక అధ్యాయం.

ముకర్రం జా 2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లో చనిపోయారు. భౌతికకాయాన్ని చౌమహల్లాలో జనం సందర్శనకు ఉంచి, 18న మక్కా మసీదులో ఖననం చేశారు. సరిగ్గా రెండు రోజులకు, 20న, గూగుల్ 12,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. అదే నెల అమెజాన్ 18,000 అంది. అంతకుముందు నవంబర్లో మెటా 11,000 అంది. నిజాం పేరోల్‌ను చూసి ముక్కున వేలేసుకున్న ఆధునిక ప్రపంచం, కోవిడ్ రెండేళ్ళలో పోటీపడి చేర్చుకున్నవాళ్ళలోంచి అంతంత సైన్యాలను ఒక్కో ఈమెయిల్‌తో సాగనంపింది. చేర్చుకున్నప్పుడు దాన్ని వృద్ధి అన్నారు, దర్బారువాళ్ళు వైభవం అన్నట్టే. గూగుల్‌ను ఇక్కడిదాకా తెచ్చిన నిర్ణయాలకు పూర్తి బాధ్యత తనదేనని ఆ కంపెనీ సీఈఓ సుందర్ పిచాయ్ ఉత్తరం రాశారు. 2022కు ఆయన పారితోషికం దాదాపు 22.6 కోట్ల డాలర్లని తర్వాత కంపెనీయే చెప్పింది. అందులో సింహభాగం మూడేళ్ళకోసారి ఇచ్చే షేర్లు, న్యాయంగా అదీ చెప్పాలి. బాధ్యత ఆయన తీసుకున్నారు, ఉద్యోగం మాత్రం వేరేవాళ్ళది పోయింది.

రెండూ ఒకటెలా అవుతాయని అడిగేవాళ్ళున్నారు. నిజాం ఇచ్చింది కొలువు పేరుతో దానం, కంపెనీ ఇచ్చేది పనికి జీతం, మార్కెట్ తిరగబడితే ఎవరైనా ఏం చేస్తారు అంటారు. మార్కెట్ సంగతి ఒప్పుకోవాల్సిందే. రాబడి లేని చోట 38 మందిని నిచ్చెనల మీద పెట్టి పోషించమని ఎవరూ అనరు. పైగా ఆ ప్యాలెస్‌లో దొంగతనానికీ కొదవలేదు. రోజూ 2,000 మందికి వండే వంటశాల నుంచి పక్క హోటళ్ళకూ గుట్టుగా భోజనం వెళ్ళేదట. కానీ కొలువు దానమే అయితే, ఇచ్చేవాడి గొప్పకోసం ఇచ్చిన దానం కదా. కంపెనీ చేరికలూ వాటాదారుల ముందు గొప్పకోసం జరిగినవే కదా. మార్కెట్ తిరగబడుతుందని ముందే ఊహించే పనికే పైవాళ్ళకు ఆ స్థాయి జీతాలు. ఊహ తప్పితే, అంచనాలు వేయని టెస్టింగ్ కుర్రాడి లాగిన్ ఎందుకు ఆగిపోవాలి? దుమ్ము దులపడం వేరు, చేతులు దులుపుకోవడం వేరు. రెండో పని నిజాం కాలంలోకంటే ఇప్పుడు ఎక్కువ నైపుణ్యంతో జరుగుతోంది.

ఆ నైపుణ్యం చూడాలంటే చట్టం తెరవాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో 2025 నవంబర్లో అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, కనీసం ఏడాది పనిచేసిన కార్మికుణ్ణి మిగులని తీసేయాలంటే ఒక నెల నోటీసో దానికి బదులు జీతమో ఇవ్వాలి. పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం పరిహారం కట్టాలి. మేనేజర్లు ఈ కార్మికుడి లెక్కలోకి రారు. అందుకేనేమో మన ఆఫీసుల్లో కింద ఒక్క మనిషి లేకపోయినా మేనేజరే. ప్యాలెస్‌లో నీళ్ళు తెచ్చేవాణ్ణి నీళ్ళు తెచ్చేవాడనే అన్నారు, డ్రింకింగ్ వాటర్ మేనేజర్ అనలేదు. కోర్టులు కార్డు మీద హోదాను కాదు, చేసే పనిని చూస్తాయన్నది నిజమే. ఈఎంఐ తేదీ ముంచుకొస్తుంటే కోర్టు మెట్లెక్కే ఓపిక ఎవడికుంటుంది? ఇంకా తేలిక దారి రాజీనామా. తానే మానేసినవాడికి తొలగింపు పరిహారం అక్కర్లేదు కాబట్టి, మిగులు తేలినవాణ్ణి మీటింగ్ రూములోకి పిలిచి, తలుపేసి, రిలీవింగ్ లెటర్ సంగతి గుర్తుచేస్తారు. వ్యక్తిగత కారణాలవల్ల మానేస్తున్నానన్న కాగితం అప్పటికే టైపయి ఉంటుంది. పెన్ను హెచ్‌ఆర్ వాళ్ళే ఇస్తారు, సంతకం కాగానే జాగ్రత్తగా వెనక్కి తీసుకుంటారు.